పాచి పట్టని గొట్టం

అల్లుడు బల్ల మీద రెండు స్టీలు పళ్లేలు పెట్టి, రెండింటి మీదా ఎర్రరంగు నీళ్లు పోశాడు. మామూలు పళ్లెం మీద నీళ్లు చదునుగా పరుచుకుని అక్కడే బైఠాయించాయి. తన కంపెనీ పూత వేసిన పళ్లెం మీద మాత్రం గుండ్రంగా ముద్దకట్టి, కాస్త వంచగానే ఒక్క చుక్క మిగలకుండా జారిపోయాయి. డయాలసిస్ గదిలో పనిచేసే నర్సులందరూ కళ్లు పెద్దవి చేసి చూశారు. హెడ్ సిస్టర్ చప్పట్లు కొట్టింది.

"నీటిచుక్కకే నిలువనీడ లేదు. ఇక క్రిమి ఎక్కడ కాపురం పెడుతుందండీ," అన్నాడు అల్లుడు టై సర్దుకుంటూ.

మూల కుర్చీలో కూర్చున్న అత్తగారు పళ్లేల వంక చూడలేదు. ఆ జారిన ఎర్రనీళ్లు నేల మీద ఎక్కడ పడ్డాయా అని చూస్తోంది. వాటి మీద ఎవరైనా కాలేస్తే జారతారు. జారితే తుంటి విరుగుతుంది. తుంటి విరిగితే మంచం, మంచం పట్టాక ఇక లేచేదేముంది. ఆవిడ ఆలోచన ఎప్పుడూ ఇంతే, నేల మీది తడితో మొదలై శ్మశానం దాకా నడిచి వెళ్లి కాని ఆగదు. లేచి వెళ్లి, సంచిలోంచి పాతగుడ్డ తీసి శుభ్రంగా తుడిచింది.

"చూశారా, మా అత్తయ్యగారికి తుడవడమంటే ప్రాణం," అన్నాడు అల్లుడు. "ఇలాంటివాళ్లకి విశ్రాంతి ఇవ్వడానికే మా కంపెనీ పుట్టింది."

అందరూ నవ్వారు. ఆవిడ గుడ్డ పిండుకుని వచ్చి కూర్చుంది. చదువు ఎనిమిదో తరగతి దగ్గరే ఆగిపోయిన మనిషి కాబట్టి ఆ పూతలో ఏముందో ఆవిడకి తెలియదు. పూసినవాడు ఎలాంటివాడో మాత్రం పెళ్లిచూపుల నాటినుంచీ తెలుసు.

వాళ్లింట్లో సోఫా కొన్నరోజు కప్పి ఉన్న ప్లాస్టిక్కు ఈరోజుకీ తియ్యలేదు. ఎండాకాలం దాని మీద కూర్చుని లేస్తుంటే ఒంటి చర్మం ఊడివస్తున్నట్టు చప్పుడవుతుంది. టీవీ రిమోట్‌కి ఒక తొడుగు, ఆ తొడుగు మాసిపోకుండా ఇంకో తొడుగు. కారు సీట్లకి కవర్లు, కవర్ల మీద తువ్వాళ్లు. ఏ వస్తువుకైనా ఆయన ఇంట్లో పని ఉండదు, కాపలా ఉంటుంది. అటువంటి మనిషికి పూతలు అమ్మే ఉద్యోగం దొరకడం ఆవిడకి వింతగా అనిపించలేదు. పెద్దకూతుర్ని ఇచ్చి చేసినప్పుడు ఏదో మందుల కంపెనీ అన్నారు. ఇప్పుడు ఆసుపత్రి మంచాల కమ్మీలకీ, కుళాయిలకీ, రోగుల ఒంట్లో పెట్టే గొట్టాలకీ క్రిమి అంటకుండా పూత వేసే కంపెనీలో పెద్ద ఆఫీసరట. ఆవిడ మనసులో మాత్రం ఆయన పేరు పూతల్లుడు.

చిక్కేమిటంటే, ఆ పూతల్లుడి గొట్టమే చిన్నకూతురి ఒంట్లో ఉంది.

చిన్నది డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తుంది. పెళ్లి మాట ఎత్తితే, ముందు రివర్స్ నేర్చుకున్న మగవాణ్ణి చూపించు అంటుంది. జబ్బు బయటపడి ఏడాది తిరక్కుండా కిడ్నీలు రెండూ పాడయ్యాయి. రోజు విడిచి రోజు రక్తం కడిగించుకోవాలి. చేతిలో నరం దగ్గర ఆపరేషన్ చేశారు కానీ, ఆ నరం బలపడి సూది పట్టేలా అవడానికి ఇంకా సమయం కావాలన్నారు. అప్పటిదాకా మెడ కింద చర్మంలోంచి దూర్చి, గుండె పక్క పెద్ద రక్తనాళంలోకి వదిలిన మెత్తని గొట్టమే దిక్కు. బయటికి దానికి రెండు కొసలు, కొసకో మూత. మూతలు విప్పి మిషన్‌కి తగిలిస్తే రక్తం ఒక కొసనుంచి వెళ్లి, కడుక్కుని, రెండో కొసనుంచి తిరిగి వస్తుంది.

ఆ గొట్టం పెట్టిన రోజు ఆవిడ తలుపు బయటే స్పృహ తప్పి పడిపోయింది. నరం సరిగ్గా దొరక్క తడబడ్డారట, రక్తం ఆగలేదట. తలుపు సందులోంచి ఆకుపచ్చ గుడ్డలు ఎర్రబడటం ఆవిడ కళ్లారా చూసింది. మళ్లీ అలాంటిది చూడాల్సి వస్తే తను ముందే పోవాలని ఆవిడ కోరుకుంది. అందుకని, పూతల్లుడి మీద ఎంత చులకన ఉన్నా, ఆ గొట్టం పాడవకుండా ఉంటుందన్న ఒక్కమాట కోసం ఆయన్ని భరిస్తోంది.

ఆయనేమో ఇదే అదనుగా మరదలి ఫోటో తీసి కంపెనీ కాగితం మీద వేయించాడు. చిన్నది నవ్వుతోంది, కింద 'మా ఇంటి బిడ్డకీ ఇదే' అని పెద్ద అక్షరాలు.

"బావా, నాకు కిడ్నీలు పోతే నీకు మోడల్ దొరికిందా," అంది చిన్నది.

"అలా తీసుకోకు. నలుగురికీ ధైర్యం."

"ఆ ధైర్యం నాకూ కాస్త ఇచ్చి ఉంటే ఐదుగురికీ అయ్యేది."

పళ్లేల ప్రదర్శన అయ్యాక ఆయన నర్సులకి పాఠం చెప్పాడు. పూత వేసిన గొట్టానికి స్పిరిట్ తగలకూడదు, తగిలితే పూత బలం తగ్గిపోతుంది. చంటిపిల్లలా చూసుకోవాలి. పాఠం మర్చిపోకుండా ప్రతి మంచం దగ్గరా గోడకి ఒక బొమ్మ అంటించారు. గొట్టానికి కళ్లూ మూతీ పెట్టి, చేతులు కట్టుకుని నవ్వుతున్నట్టు గీశారు. కింద 'నాకు స్పిరిట్ వద్దు' అని రాశారు. అచ్చం అల్లుడు ఫోటోకి నిలబడ్డట్టే ఉంది.

అంతకుముందు మిషన్‌కి తగిలించే ముందు నర్సు స్పిరిట్ దూదితో మూతనీ, మూత కింద కొసనీ గట్టిగా రుద్ది, అది ఆరేదాకా ఆగేది. ఆ వాసనకి ఆవిడకి ప్రాణం కుదుటపడేది. బొమ్మ వచ్చిన మర్నాటినుంచి ఆ దూది లేదు. మూత ఇలా తిప్పడం, గొట్టం అలా తగిలించడం. నర్సులకీ హాయిగానే ఉంది, గదినిండా మంచాలు, ఒక్కో మంచానికి కొంత పని తప్పింది.

"తుడవలేదేం తల్లీ," అని అడిగింది ఆవిడ.

"అక్కర్లేదు ఆంటీ. పూత గొట్టం కదా."

"మూతక్కూడా పూతేనా?"

నర్సు చేతిలో పని ఆపకుండానే పక్కమంచం నర్సు వంక చూసి నవ్వింది. "బెంగమ్మగారికి ఈరోజు మూత దొరికింది."

ఆవిడకి ఆ గదిలో పెట్టిన పేరు అది. పెట్టకేం చేస్తారు. పైన ఫ్యాను ఊగుతోంది, ఊడి బిడ్డ మీద పడుతుందేమో చూడండి అని ఒకరోజు. లిఫ్టులో ఎక్కిస్తే మధ్యలో ఆగిపోతుందని ఒకరోజు. సెలైన్ గొట్టంలో ఆవగింజంత గాలిబుడగ కనిపిస్తే పరుగున వెళ్లి డాక్టరమ్మని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఏసీలోంచి కారే నీటికి కరెంటు కొడుతుందని దాని కింద బకెట్ పెడితే, ఆ బకెట్ తన్నుకుని వార్డుబాయ్ పడ్డాడు. ఇన్ని అబద్ధపు భయాల మధ్య ఒక నిజమైన అనుమానం దూరితే దానికి కుర్చీ ఎవరు వేస్తారు. ఆవిడే వెయ్యలేదు. తనకి రోజూ పుట్టే పది భయాల్లో ఇదీ ఒకటనుకుని నోరు మూసుకుంది.

"అమ్మా," అంది చిన్నది మంచం మీదినుంచే. "మా కార్లో నా వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది తెలుసా. నేర్చుకునేవాడు తప్పు చేస్తే తొక్కడానికి. నువ్వేమో బండి స్టార్ట్ అవ్వకముందే దాని మీద నిలబడి ఉంటావు."

నోరు మూసుకుంది కానీ చెయ్యి ఊరుకోలేదు. ఇంటినుంచి చిన్న సీసాలో బ్లీచింగ్ నీళ్లు తెచ్చి, ఎవరూ చూడనప్పుడు చిన్నదాని మంచం కమ్మీలు తుడవడం మొదలుపెట్టింది. నాలుగు పూటలు అయ్యేసరికి మెరిసే కమ్మీ మీద తెల్లటి మచ్చలు లేచాయి. హెడ్ సిస్టర్ సీసా పట్టుకుంది. సాయంత్రానికి అల్లుడు దిగాడు. కమ్మీ మీద వేలు పెట్టి రాసి చూశాడు, కన్నబిడ్డకి దెబ్బ తగిలినట్టు మొహం పెట్టాడు.

"అత్తయ్యగారూ, ఇది మామూలు రంగు అనుకున్నారా? దీని వెనక ఎంత పరిశోధన ఉందో తెలుసా?"

"తెలీదు నాయనా. దుమ్ము ఉంటే తుడిచాను."

"దీని మీద దుమ్ము ఉండదు."

"ఉందే మరి."

ఆయన వెంట వచ్చిన పెద్దది మధ్యలో దూరింది. "అమ్మా, ఊరుకో. ఆయన పరువు తీస్తున్నావు నలుగురిలో."

ఆవిడ ఊరుకుంది. ఆ పెద్దమనిషి మంచం కమ్మీని చూసి బాధపడినంత, మంచం మీదున్న మనిషిని చూసి ఎప్పుడైనా బాధపడ్డాడా అని గుర్తుచేసుకోబోయింది. ఏమీ గుర్తురాలేదు.

ఆ వారమే వణుకు వచ్చింది.

మిషన్ తిరగడం మొదలై ఇంకా ఎంతోసేపు కాలేదు. చిన్నది పక్కమంచం ఆయనకి స్టీరింగ్ ఎలా తిప్పాలో చేత్తో గాలిలో చూపిస్తోంది. ఆ చెయ్యి గాలిలోనే వణకడం మొదలెట్టింది. ముందు వేళ్లు, తర్వాత భుజాలు, ఆపైన పళ్లు. దుప్పటి కప్పారు, ఇంకోటి కప్పారు. మంచం మొత్తం కదులుతోంది. చలి చలి అంటూనే ఒళ్లు మాత్రం నిప్పులా కాలిపోతోంది. ఆవిడ బిడ్డ రెండు పాదాలూ పట్టుకుని కూర్చుంది. ఎన్నేళ్లుగానో ప్రతిరోజూ ఊహించుకుని ఊహించుకుని అరగదీసిన ఘడియ ఇది. తీరా ఎదురుగా వచ్చి నిలబడితే, ఆ పాదాలు పట్టుకోవడం తప్ప ఇంకేం తోచలేదు.

కిడ్నీ డాక్టరమ్మ వచ్చి మిషన్ ఆపించింది. చేతినుంచి కొంత, గొట్టంనుంచి కొంత రక్తం తీసి పరీక్షకి పంపింది. మందులు మొదలుపెట్టింది.

"గొట్టంలో క్రిములు చేరాయని నా అనుమానం," అంది. "రేపు పొద్దున్నదాకా చూద్దాం. తగ్గకపోతే గొట్టం తీసేయాలి."

అల్లుడు వచ్చీ రాగానే తేల్చేశాడు. "గొట్టంలో క్రిమి చేరే ప్రశ్నే లేదు. పూత ఉంది. మంచం కమ్మీ మీద పూత లేదు, ఎందుకు లేదో అందరికీ తెలుసు. మరదలు చెయ్యి కమ్మీ మీద పెట్టింది, ఆ చెయ్యి ఒంటి మీద పెట్టుకుంది. అంతే."

ఎవరి పేరూ ఎత్తలేదు. అందరూ ఆవిడ వైపే చూశారు. పెద్దది తల దించుకుంది.

ఆవిడకి కాళ్ల కింద నేల లేనట్టయింది. ఆయన్ని చులకన చేసే ధైర్యం అంతా ఎటుపోయిందో తెలియలేదు. నిజమేనేమో. బ్లీచింగ్ నీళ్లతో తనే బిడ్డ చుట్టూ ఉన్న రక్షణని గీకి పారేసిందేమో. లోకంలో జరిగే ప్రతి చెడుకీ ఒక దారి వెతికి పెట్టుకునే ఆవిడ, ఆ దారి తన చేతిలోని గుడ్డముక్క గుండా పోతుందని ఎన్నడూ ఊహించలేదు. ఆ సాయంత్రమంతా చిన్నదాని మంచాన్ని ముట్టుకోవడానికి కూడా భయపడి, గోడకి ఆనుకుని నిలబడింది.

పొద్దునకి జ్వరం తగ్గలేదు సరికదా, బీపీ పడిపోవడం మొదలైంది. చిన్నది కళ్లు తెరుస్తోంది, ఎవరినో క్లచ్ వదలొద్దంటోంది, మళ్లీ మూస్తోంది. డాక్టరమ్మ వచ్చేసరికి అల్లుడు ముందే వచ్చి, ఇస్త్రీ చొక్కాలో మంచం పక్కన నిలబడి ఉన్నాడు. ఎల్లుండి ఆయన కంపెనీ పెద్దలు ఈ గది చూడటానికి వస్తున్నారు. పూత గొట్టాలు పెట్టినప్పటినుంచి ఇక్కడ ఒక్క ఇన్ఫెక్షన్ కూడా లేదని గుమ్మం మీద కట్టడానికి బ్యానరు కూడా తయారైపోయింది. దాని మీదా చిన్నదే నవ్వుతోంది.

"గొట్టంనుంచి తీసిన రక్తంలోనే క్రిములు ముందు పెరిగాయి," అంది డాక్టరమ్మ. "గొట్టంలోనే ఉన్నాయవి. ఇప్పుడే తీసేయాలి."

"తొందరెందుకు డాక్టర్ గారూ. మందు పని చెయ్యనివ్వండి. ఇంకొక్క రోజు."

"లోపల పాచి కట్టిందండీ. పెరట్లో బట్టలు ఉతికే రాయి మీద జారుతూ పట్టుకుంటుందే, అలాంటి పాచి. క్రిములు వాటికవే జిగురు కక్కుకుని దాని కింద దాక్కుంటాయి. పైనుంచి ఎంత మందు పోసినా అడుక్కి చేరదు."

"మా గొట్టానికి పాచి పట్టదు."

"బయటివైపు పట్టదు."

అల్లుడు చొక్కా చేతులు సర్దుకున్నాడు.

"పూత బయటివైపే కదండీ ఉంది," అంది డాక్టరమ్మ. "లోపలివైపు లేదు."

"వచ్చే మోడల్‌లో వస్తుంది," అన్నాడు ఆయన చిన్నగా.

"వచ్చినా దాని మీద రక్తం పొర కట్టాక పూత పని అంతంతమాత్రమే. పూత తోడుగా ఉండాలి కానీ మనం చేసే పనికి బదులు కాదు. మూత విప్పినప్పుడల్లా కొస తుడవాల్సిందే." అంటూనే ఏదో తట్టినట్టు హెడ్ సిస్టర్ వైపు తిరిగింది. "తుడుస్తున్నారు కదా?"

హెడ్ సిస్టర్ గోడ మీద నవ్వుతున్న బొమ్మ వైపు చూసింది. "స్పిరిట్ పెడితే పూత పోతుందన్నారు కదా మేడమ్."

డాక్టరమ్మ మొహంలో రంగు మారింది. ఆ బొమ్మ ముందునుంచే ఆమె కూడా రోజూ నడిచి వెళ్లింది.

"నేను గొట్టానికి వద్దన్నాను," అన్నాడు అల్లుడు. "మూతకి వద్దని ఎప్పుడన్నాను? ఆ తేడా వాళ్లకి తెలియాలి."

"మీరు చెప్పలేదండీ," అంది హెడ్ సిస్టర్.

"మీరు అడగలేదు."

క్రిమిని చంపే పూతకి ఎక్కడ నలత చేస్తుందోనని, క్రిమిని చంపడం మానేశారు. సోఫా మీద ప్లాస్టిక్కు కప్పి ఉంచే బుద్ధి బిడ్డ రక్తనాళం దాకా వచ్చేసింది. ఈ ఇంత గదిలో, ఇన్ని చదువుల మధ్య, ఇందరి చేతుల మీదుగా. ఆవిడ అందరి మొహాలూ ఒకసారి కలియజూసింది. తప్పు తన బ్లీచింగ్ నీళ్లది కాదని తేలిందన్న సంగతి కూడా ఆవిడకి పట్టలేదు.

"తీసేస్తాను అమ్మా," అంది డాక్టరమ్మ ఆవిడ వైపు తిరిగి. "మీ అమ్మాయి చెప్పే స్థితిలో లేదు. మీరు ఒప్పుకోవాలి. ఇది తీసి, ఒళ్లు కుదుటపడ్డాక రెండో పక్క కొత్తది పెడతాను."

రెండో పక్క. కొత్తది. ఆవిడకి ఆకుపచ్చ గుడ్డలు కళ్లముందు ఎర్రబడ్డాయి. ఒక అడుగు వెనక్కి వేసింది.

అది కనిపెట్టాడు అల్లుడు. అమ్మేవాడికి ఎదుటివాడి భయం వాసన తెలియకపోతే పూట గడవదు. దగ్గరికి వచ్చి, గొంతు మెత్తగా చేసి అన్నాడు. "అత్తయ్యగారూ, గుర్తుందా పోయినసారి ఎంత రక్తం పోయిందో. మీరే కదా స్పృహ తప్పి పడిపోయారు. మళ్లీ ఆ మెడలో సూది, అది కూడా ఇంత బీపీలో. ఒక్కరోజు ఆగుదాం. తల్లి మనసు మీది, మీరు చెబితే డాక్టర్ గారు వింటారు."

ఆవిడ నోటిదాకా వచ్చిన మాట కూడా సరిగ్గా అదే. ఒక్కరోజు ఆగుదాం. పెదాలు విచ్చుకున్నాయి కూడా. కానీ ఆ మాట తన నోట్లోంచి కాకుండా ఆయన నోట్లోంచి ముందు వినబడేసరికి ఆ పెదాలు మూసుకున్నాయి. తన భయమూ, ఆయన బ్యానరూ ఒకే మాట మీద ఉన్నాయి. ఇన్నాళ్లూ తను భయపడేది బిడ్డ కోసమే అనుకుంది. ఇప్పుడు చూస్తే, తనకి ఆ తలుపు బయట నిలబడటం ఇష్టం లేదు, ఆయనకి ఆ బ్యానరు దించడం ఇష్టం లేదు. ఇద్దరూ కలిసి ఎవరి సుఖం కోసం వాళ్లు ఆ పాచిని ఇంకో రోజు బిడ్డ గుండె పక్కన ఉంచబోయారు. పూతల్లుడి పక్కన, భుజానికి భుజం కలిపి నిలబడ్డందుకు ఆవిడకి తన మీదే రోత పుట్టింది. ఆయన మీద ఎన్నడూ పుట్టనంత రోత.

"తీసెయ్యండి డాక్టరమ్మా," అంది.

"అత్తయ్యగారూ, ఆలోచించి..."

"ఆలోచించాను నాయనా. మీరు కాస్త పక్కకి జరగండి, మంచానికి అడ్డుగా ఉన్నారు."

పెద్దది మొదటిసారి మొగుడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. "జరగండి. అమ్మ చెప్పింది కదా."

"నేను ఉన్నమాటే అన్నాను."

"ఇంటికెళ్లి అనండి."

గొట్టం తీసేటప్పుడు ఆవిడ తలుపు బయట కూర్చోలేదు, తలుపుకి ఎదురుగా నిలబడింది. మనసులో నూరు కీడులు తిరుగుతూనే ఉన్నాయి. ఊపిరి ఆగిపోతే, రక్తం ఆగకపోతే, కరెంటు పోతే. తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ చేతిలో గిన్నె ఉంది. అందులో వానపాములా ఆ గొట్టం.

"బాగానే తీశాం. రక్తం పెద్దగా పోలేదు," అంది డాక్టరమ్మ. అల్లుడు అప్పటికే గిన్నె మీదికి వంగాడు. ఆమె గొట్టాన్ని పొడవునా నిలువుగా చీల్చి చూపించింది. లోపల గోధుమరంగు జిగురు, ముక్కుచీమిడిలా సాగుతోంది, చూస్తే ఉతుకుడు రాయి పాచే. ఆవిడ మొహం తిప్పుకోలేదు. బిడ్డ ఒంట్లో ఉన్నదాన్ని తల్లి చూడకపోతే ఎవరు చూస్తారు.

అల్లుడు చూపుడు వేలు గొట్టం బయటివైపుకి చూపించాడు. "బయట చూడండి మేడమ్. ఒక్క మచ్చ లేదు."

ఆయన ఒక్కొక్క మొహమే చూశాడు. "నిజంగానే లేదు," అన్నాడు మళ్లీ, ఈసారి తనకి తనే చెప్పుకుంటున్నట్టు. ఆ గొంతులో మోసం కూడా లేదు. ఆయన నిజంగానే నమ్మాడు, నమ్మి సంతోషపడుతున్నాడు. అది ఆవిడకి ఇంకా అసహ్యంగా తోచింది. దొంగనైతే భయపెట్టవచ్చు. ఈయన్ని ఏం చేస్తాం.

"పరీక్షకి పంపుతున్నాను," అంది డాక్టరమ్మ. "రిపోర్టులో ఉన్నది ఉన్నట్టే రాస్తాను."

"బయటివైపు సంగతి కూడా రాస్తారా?"

డాక్టరమ్మ గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

బ్యానరు కట్టలేదు. కంపెనీ పెద్దలు వచ్చారో లేదో ఆవిడకి తెలియదు, అడగనూ లేదు. గోడల మీది బొమ్మల్ని హెడ్ సిస్టరే స్వయంగా గీకి తీసింది. చేతిగోళ్లకి జిగురు అంటుకుని అది వదలడానికి చాలాసేపు పట్టింది. అల్లుడు కొన్నాళ్లు అత్తగారింటి వైపు రాలేదు. వచ్చినప్పుడు కొత్త మోడల్ సంగతి ఎత్తబోతే పెద్దది భోజనానికి లెమ్మంది.

చిన్నదానికి జ్వరం దిగడానికి సమయం పట్టింది. దిగాక మొదట అడిగింది, జ్వరం పలవరింతల్లో తను ఎవరికి డ్రైవింగ్ నేర్పించిందని. రెండో పక్క కొత్త గొట్టం పెట్టారు. అది కూడా పూత గొట్టమే. పూత మంచిదే, పూత మీద నాకు కోపం లేదు అంది డాక్టరమ్మ. ఆవిడకి నచ్చలేదు, కానీ ఒప్పుకుంది. ఆ రోజు కూడా ఆవిడ తలుపు ఎదురుగానే నిలబడింది. రక్తం కొంచెం పోయింది. ఆవిడకి స్పృహ పోలేదు.

కొత్త గొట్టంతో మళ్లీ మిషన్ ఎక్కించిన మొదటి రోజు. నర్సు చిన్నపిల్ల, కొత్తగా చేరింది. స్పిరిట్ దూది తీసి మూతని రుద్దింది, విప్పి కొసని రుద్దింది. ఆవిడ కుర్చీ మంచానికి ఇంకాస్త దగ్గరికి లాక్కుని ముందుకు వంగింది.

"సరిగ్గా తుడిచావా తల్లీ?"

"తుడిచానండీ."

"ఆరిందా?"

"ఆరిందండీ."

"తుడిచిందమ్మా, నేను చూశాను," అంది చిన్నది. "వదిలెయ్. ఈమె కూడా నీకు పేరు పెడుతుంది."

"పెట్టుకోనీ. నువ్వు పడుకుని ఉన్నావు, నీకేం కనబడుతుంది." ఆవిడ నర్సు వైపు తిరిగింది. "ఇంకోసారి తుడువమ్మా."

నర్సుకి చిరాకు వచ్చింది. దాచుకోలేదు కూడా. కొత్త దూది తీసి, ఈసారి ఇంకా గట్టిగా రుద్దింది. స్పిరిట్ వాసన వచ్చింది. ముగ్గురూ అది ఆరేదాకా ఆ కొస వైపే చూస్తూ ఉన్నారు. తర్వాత నర్సు గొట్టం తగిలించి మీట నొక్కింది. రక్తం కదిలింది.